తేదీలు జరిపే మాత్ర: సంతాన చికిత్సలో గర్భనిరోధక బిళ్ల చరిత్ర

సంతానం కోసం ఆసుపత్రి గడప తొక్కిన స్త్రీకి, అసలు చికిత్స మొదలుకావడానికి ముందు రెండు మూడు వారాలపాటు గర్భనిరోధక మాత్రలు వేసుకోమని చెప్పడం దాదాపు నాలుగు దశాబ్దాలుగా వైద్యలోకంలో ఉన్న ఆనవాయితీ. పిల్లలు కావాలని వస్తే పిల్లలు పుట్టకుండా చేసే మందు ఎందుకు ఇస్తున్నారన్న సందేహం దంపతులకు కలగడం సహజం. అండాశయాలకు కొంత విశ్రాంతి దొరికితే ఆ తరువాత గర్భం నిలిచే అవకాశం పెరుగుతుందన్నది దానికి తరచుగా వినిపించే సమాధానం. చరిత్రలోకి తొంగిచూస్తే, ఈ సమాధానం 1950లలో అమెరికాలోని బోస్టన్ పరిసరాల్లో పుట్టిన ఒక ఊహ అనీ, నేటి కృత్రిమ ఫలదీకరణ చికిత్సలోకి మాత్ర ప్రవేశించింది మాత్రం వేరే దారిలో, చికిత్స తేదీలను నిర్ణయించే సాధనంగా అనీ తెలుస్తుంది.

తేదీకి ఉన్న ఈ ప్రాధాన్యం ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్ వంటి ప్రాంతంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రహదారి మీద ఉన్న సిల్తారా, స్పాంజ్ ఐరన్ కర్మాగారాలకూ ఉక్కు మిల్లులకూ పేరుపడిన పారిశ్రామిక వాడ. ముడి ఖనిజాన్ని కరిగించకుండానే బొగ్గుతో వేడిచేసి, అందులోని ఆక్సిజన్‌ను తొలగించగా మిగిలే గుల్ల ఇనుమునే స్పాంజ్ ఐరన్ అంటారు. ఆ బట్టీలు రాత్రింబవళ్లు మండుతూనే ఉండాలి కాబట్టి పని షిఫ్టుల లెక్కన నడుస్తుంది. ఈ ప్రాంతంతో తెలుగువారి సంబంధం పరిశ్రమల కంటే పాతది. విజయనగరం, పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ చేరే రైలుమార్గం 1931లో పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి రాకపోకలు సులువయ్యాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారమూ, రైల్వే ఉద్యోగాలూ తెలుగు కుటుంబాలను అక్కడ స్థిరపడేలా చేశాయి. పుట్టింటికీ అత్తింటికీ దూరంగా, షిఫ్టుల మధ్య బతుకు సాగించే దంపతులకు, ఆసుపత్రికి ఏ రోజున రావాలో ముందుగా తెలియడమే చికిత్స సాగుతుందా ఆగుతుందా అన్నది తేల్చే విషయమవుతుంది.

తిథుల లెక్కలో సంతానం

సంతానాన్ని దినాల లెక్కతో ముడిపెట్టడం ఆధునిక వైద్యం కొత్తగా తెచ్చిన ఆలోచన కాదు. నెలసరి మొదలైన నాటి నుంచి పదహారు రాత్రులను ఋతుకాలంగా మనుస్మృతి చెబుతుంది. వాటిలో మొదటి నాలుగు రాత్రులను నిషేధిస్తుంది. తెలుగు ఇళ్లలో గర్భాధానానికి పంచాంగం చూసి ముహూర్తం పెట్టడం, సంతానం ఆలస్యమైతే నాగుల చవితినాడు పుట్టలో పాలుపోయడం, రావిచెట్టుకు ప్రదక్షిణలు చేయడం, గుడిలో ఊయల కట్టి మొక్కుకోవడం ఈ సంప్రదాయంలో భాగాలే. ఛత్తీస్‌గఢ్‌లోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. కొండగావ్ జిల్లాలోని ఆలోర్ గ్రామంలో లింగేశ్వరీ మాత కొలువైన గుహాలయం ఏడాదికి ఒక్కరోజే తెరుచుకుంటుంది, సంతానం కోరే దంపతులు ఆనాడు అమ్మవారికి దోసకాయ సమర్పిస్తారు. ధమ్‌తరీ జిల్లాలో గంగ్రేల్ జలాశయం ఒడ్డునున్న అంగార్‌మోతీ అమ్మవారి జాతర దీపావళి తరువాతి శుక్రవారం జరుగుతుంది. పిల్లలు లేని స్త్రీలు అక్కడ బోర్లా పడుకుంటే పూజారులు వారి మీదుగా నడిచి వెళ్లే ఆచారం 2020లో వార్తలకెక్కి విమర్శలకు గురైంది.

అండం విడుదలయ్యే కాలాన్ని శాస్త్రీయంగా గుర్తించినది 1920లలో, జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ అనే వైద్యులు. రాబోయే నెలసరికి సుమారు రెండు వారాల ముందు అండం విడుదలవుతుందని వారిద్దరూ విడివిడిగా తేల్చారు. స్వతంత్ర భారత ప్రభుత్వం తన మొదటి కుటుంబ నియంత్రణ ప్రయోగానికి ఎంచుకున్నది ఈ లెక్కనే. గాంధేయవాది అయిన ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్‌కౌర్ హయాంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున వచ్చిన అబ్రహాం స్టోన్ సలహాతో, మైసూరు రాష్ట్రంలోని రామనగరంలోనూ ఢిల్లీలోనూ స్త్రీలకు పూసల దండలు పంచారు. గర్భం వచ్చే దినాలకు ఒక రంగు, రాని దినాలకు మరో రంగు పూసలు గుచ్చిన ఆ దండలో రోజుకొక పూస జరుపుతూ పోవాలి. నెలసరి అందరికీ ఒకే లెక్కన రాదు కాబట్టి ఆ పద్ధతి నిలదొక్కుకోలేదు. శరీరం లెక్కను మనిషి అనుసరించడం సాధ్యం కాకపోతే, శరీరమే మనిషి లెక్కను అనుసరించేలా చేయవచ్చునన్న ఆలోచన అప్పటికే అమెరికాలో రూపుదిద్దుకుంటోంది.

వంధ్యత్వ చికిత్సాలయంలో పుట్టిన మాత్ర

గర్భనిరోధక మాత్రను మొదట స్త్రీల మీద పరీక్షించిన జాన్ రాక్, వృత్తిరీత్యా పిల్లలు లేని దంపతులకు చికిత్స చేసే వైద్యుడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రుక్‌లైన్‌లో ఉన్న ఫ్రీ హాస్పిటల్ ఫర్ విమెన్‌లో ఆయన పనిచేసేవాడు. కారణం తెలియకుండా గర్భం రాని స్త్రీలలో కొందరికి గర్భాశయమూ అండవాహికలూ పూర్తిగా ఎదగకపోవడమే లోపమై ఉంటుందని ఆయన భావించాడు. నిజమైన గర్భంలో ఈ అవయవాలు ఎదుగుతాయి కాబట్టి, హార్మోన్లతో కృత్రిమంగా గర్భస్థితిని కల్పించి, ఆ తరువాత మందు ఆపివేస్తే లోపం సరికావచ్చునని ఊహించి, 1950ల ఆరంభంలో 80 మంది స్త్రీలకు ఈస్ట్రోజెన్‌ను, ప్రొజెస్టెరోన్‌ను క్రమంగా పెంచుతూ మూడు నెలలపాటు ఇచ్చాడు. అండాశయం నుంచి వెలువడి నెలసరి చక్రాన్ని నడిపే రెండు ప్రధాన హార్మోన్లు ఇవి. ఆ మూడు నెలల్లో వారికి అండం విడుదల కాలేదు, నెలసరి రాలేదు. వక్షోజాలు బరువెక్కడం, వికారం వంటి లక్షణాలు కలగడంతో తాము గర్భవతులమేనని నమ్మినవారూ ఉన్నారు. మందు ఆపిన కొద్ది నెలల్లో 13 మంది నిజంగానే గర్భం ధరించారు. దీనినే తరువాతి కాలంలో రాక్ రీబౌండ్ అన్నారు, అంటే అణచిపెట్టిన అండాశయం మందు ఆపగానే ఉరకలు వేయడమన్నమాట.

అదే సమయంలో వూస్టర్ పరిశోధన సంస్థలో గ్రెగరీ పింకస్, మిన్ చుయే చాంగ్ అనే శాస్త్రవేత్తలు కుందేళ్ల మీద ప్రొజెస్టెరోన్‌ను పరీక్షించి, అది అండం విడుదలను ఆపుతుందని నిర్ధారించారు. కుటుంబ నియంత్రణ ఉద్యమకారిణి మార్గరెట్ సాంగర్ ప్రోద్బలమూ, కేథరిన్ మెకార్మిక్ ధనమూ వారి పనికి అండగా ఉన్నాయి. రాక్‌కూ పింకస్‌కూ పరిచయం కలిశాక ఇద్దరి ప్రయోగాలూ ఒక్కటయ్యాయి. నెలసరి పూర్తిగా నిలిచిపోతే స్త్రీలు గర్భం వచ్చిందని భ్రమపడుతున్నారు కాబట్టి, ఐదో రోజు నుంచి ఇరవై రోజులు మందు ఇచ్చి ఆపాలని పింకస్ సూచించాడు. నేటికీ చాలా గర్భనిరోధక మాత్రల అట్టల్లో కనిపించే మూడు వారాల మందు, ఒక వారం విరామం అన్న అమరిక మూలం ఇక్కడే ఉంది. 1954 చివర్లో రాక్ మూడు కృత్రిమ ప్రొజెస్టెరోన్ మందులను 50 మంది స్త్రీలకు ఇచ్చినప్పుడు, మందు వాడినంతకాలం ఎవరికీ అండం విడుదల కాలేదు; ఆపిన తరువాత ఏడుగురు గర్భం ధరించారు. మసాచుసెట్స్‌లో గర్భనిరోధం చట్టవిరుద్ధమైన ఆ రోజుల్లో, ఒకే ప్రయోగం పింకస్‌కు గర్భాన్ని ఆపే మార్గంగానూ, రాక్‌కు గర్భాన్ని తెచ్చే మార్గంగానూ కనిపించింది. ఎనోవిడ్ పేరుతో ఆ మందు 1957లో నెలసరి రుగ్మతలకు, 1960లో గర్భనిరోధానికి అమెరికాలో అనుమతి పొందింది.

రాక్ ఫలితాలలోని లోపం నేటి పాఠకుడికి తేలికగానే కనిపిస్తుంది. మందు తీసుకోని స్త్రీలతో పోల్చి చూసే ఏర్పాటు ఆ ప్రయోగాల్లో లేదు. కారణం తెలియని సంతానలేమితో బాధపడే స్త్రీలలో కొందరికి ఏ చికిత్సా లేకపోయినా కాలక్రమంలో గర్భం వస్తుంది కాబట్టి, ఆ 13 మందిలో ఎందరికి మందు వల్ల మేలు కలిగిందో, ఎందరికి అది కేవలం కాకతాళీయమో తేల్చడం సాధ్యం కాదు. అయినా అండాశయానికి విశ్రాంతి అన్న మాటలో ఒక ఆకర్షణ ఉంది. భూమిని ఒక కారు బీడు పెడితే మరుసటి పంట బాగా పండుతుందన్న రైతు అనుభవానికి అది దగ్గరగా ఉండటం వల్ల కాబోలు, రుజువు లేకున్నా ఆ మాట వైద్యుల నోటా రోగుల నోటా నిలిచిపోయింది.

తెలుగు నేల మీద మాత్ర

భారత ప్రభుత్వం గర్భనిరోధక మాత్రను తొందరపడి నెత్తికెత్తుకోలేదు. 1965లో గర్భాశయంలో అమర్చే లూప్, 1968లో నిరోధ్ కండోములు ముందుకు వచ్చాయి. ఆ తరువాత శస్త్రచికిత్సల శిబిరాలు, 1975–77 అత్యవసర పరిస్థితి కాలపు బలవంతపు వేసెక్టమీలు కుటుంబ నియంత్రణ చరిత్రను నింపివేశాయి. మాలా-డి అనే గర్భనిరోధక మాత్ర 1987లో తక్కువ ధరకు దుకాణాల్లోకి వచ్చింది. ఆ అట్టలో 28 బిళ్లలు ఉంటాయి. వాటిలో 21 హార్మోన్ బిళ్లలు, ఒక్కొక్కదానిలో లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఎథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాములు, మిగిలిన ఏడు రంగు వేరైన ఐరన్ బిళ్లలు. రోజుకొక బిళ్ల వేసుకునే అలవాటు తప్పకుండా ఉండటానికీ, రక్తహీనత ఉన్న స్త్రీలకు ఇనుము అందించడానికీ ఈ ఏర్పాటు పనికివచ్చింది. మాత్రలు పేద స్త్రీల పోషణ మీద చూపే ప్రభావాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో మెహతాబ్ బామ్జీ, ఆమె సహచరులు చాలాకాలం అధ్యయనం చేశారు. ఎర్ర రక్తకణాల్లోని ఎంజైముల పనితీరును కొలిచి, బి విటమిన్ల లోటు ఉన్న స్త్రీలలో మాత్రలు ఆ లోటును ఎలా ప్రభావితం చేస్తాయో వారు పరిశీలించారు.

తెలుగు రాష్ట్రాల స్త్రీలు మాత్ర జోలికి పెద్దగా పోలేదు. ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్ చేయించుకోవడం ఇక్కడ స్థిరపడిన ఆచారం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో దేశం మొత్తం మీద వివాహిత స్త్రీలలో సుమారు 38 శాతం ఆపరేషన్ చేయించుకోగా, తెలంగాణలో అది సుమారు 62 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 70 శాతం. పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో ఈ పద్ధతి ఒక విషాదాన్నీ మిగిల్చింది. 2014 నవంబరు 8న బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే శిబిరంలో 83 మంది స్త్రీలకు కొద్ది గంటల్లో ఆపరేషన్లు చేయగా, ఆ తరువాతి రోజుల్లో పది మందికి పైగా మరణించారు. ఇటువంటి శిబిరాలను మూడేళ్లలో ఆపివేయాలని సుప్రీంకోర్టు 2016లో దేవికా బిశ్వాస్ కేసులో ఆదేశించింది. చిన్న వయసులోనే ఆపరేషన్ అయి, ఆ తరువాత బిడ్డను పోగొట్టుకున్న తల్లులు అండవాహికలను తిరిగి అతికించే శస్త్రచికిత్సకో, అండాన్ని శరీరం వెలుపల ఫలదీకరించే ఐవీఎఫ్‌కో రావడం కూడా ఈ ఆచారం పర్యవసానాలలో ఒకటి.

హార్మోన్ మాత్ర తెలుగు ఇళ్లలోకి గర్భనిరోధం పేరుతో కాక మరో పనిమీద వచ్చింది. పెళ్లి ముహూర్తానికో, గృహప్రవేశానికో, తిరుమల మొక్కుకో, ఇంట్లో సత్యనారాయణ వ్రతానికో నెలసరి అడ్డం వస్తుందనుకుంటే, మందుల దుకాణం నుంచి నోరెథిస్టెరోన్ మాత్రలు తెప్పించి వాయిదా వేసుకోవడం మామూలైపోయింది. నెలసరి రావలసిన రోజుకు మూడు రోజుల ముందు నుంచి మొదలుపెట్టి, కార్యం గట్టెక్కేదాకా వేసుకుని, ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుందన్న లెక్క అమ్మలకూ అక్కలకూ నోటికి వచ్చు. ప్రొజెస్టెరోన్ తగ్గినప్పుడే గర్భాశయపు లోపలి పొర ఊడి నెలసరి వస్తుంది కాబట్టి, దానిని పోలిన మందు రక్తంలో ఉన్నంతకాలం ఆ పొర నిలిచే ఉంటుంది. 1951 అక్టోబరు 15న మెక్సికో నగరంలోని సింటెక్స్ ప్రయోగశాలలో కార్ల్ జెరాసీ, జార్జ్ రోజెన్‌క్రాంజ్ మార్గదర్శకత్వంలో విద్యార్థి లూయిస్ మిరమోంటెస్ మొదట తయారుచేసిన రసాయనం ఇది. గర్భనిరోధక మాత్రల్లో మందుగా పనికివచ్చిన ఆ రసాయనమే తెలుగు గృహిణి చేతిలో క్యాలెండరును సర్దుకునే సాధనమైంది. ఐవీఎఫ్ వైద్యులు దానిని పట్టుకున్నదీ సరిగ్గా ఈ గుణం కోసమే.

ఐవీఎఫ్ గది క్యాలెండరు

1978 జూలై 25న ఇంగ్లాండులో ప్రపంచపు మొదటి టెస్ట్‌ట్యూబ్ శిశువు లూయీస్ బ్రౌన్ పుట్టినప్పుడు ఆమె తల్లికి అండాశయాన్ని ప్రేరేపించే మందులేవీ ఇవ్వలేదు. సహజంగా పక్వమైన ఒకే ఒక్క అండాన్ని సేకరించడానికి, మూత్రంలో హార్మోన్ ఎప్పుడు పెరుగుతుందా అని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో భారతదేశపు మొదటి టెస్ట్‌ట్యూబ్ శిశువు దుర్గ పుట్టింది. ఆయన ఇంజెక్షన్లతో అండాలను పెంచి, పిండాన్ని 53 రోజులు శీతలీకరించి, వేరొక నెలలో గర్భాశయంలో ప్రవేశపెట్టాడు. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం ఆయన మాట నమ్మలేదు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 1986 ఆగస్టు 6న ముంబయి కె.ఈ.ఎం. ఆసుపత్రిలో ఇందిరా హిందుజా, టి.సి. ఆనందకుమార్ బృందం కృషితో మరో శిశువు జన్మించింది. సుభాష్ ముఖోపాధ్యాయ్ కాగితాలను చదివి, దుర్గే మొదటి శిశువని లోకానికి చాటినవాడు ఆ ఆనందకుమారే.

1980లలో ఇంజెక్షన్లతో ఒకేసారి పలు అండాలను పెంచే పద్ధతి స్థిరపడ్డాక, చికిత్సాలయాలకు కొత్త చిక్కు ఎదురైంది. స్త్రీల నెలసరి ఆదివారమూ పండుగా చూడదు. ఎవరి అండాలు ఏ రోజున పక్వమవుతాయో తెలియకపోతే శస్త్రచికిత్స గదినీ, మత్తు వైద్యుడినీ, పిండాలను పెంచే ప్రయోగశాలనూ వారమంతా సిద్ధంగా ఉంచవలసి వస్తుంది. ఫ్రాన్సులో రెనే ఫ్రిడ్‌మాన్ బృందం 1986లో, నోరెథిస్టెరోన్‌తో నెలసరిని అనుకున్న రోజుకు తెప్పించి, అక్కడి నుంచి ఇంజెక్షన్ల రోజులు లెక్కించి, అండాలు తీసే తేదీని ముందే నిర్ణయించే పద్ధతిని ప్రకటించింది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు కూడా అదే పనికి వాడుకలోకి వచ్చాయి. రెండు మూడు వారాలు మాత్ర వేయించి ఆపితే రెండు మూడు రోజుల్లో నెలసరి వస్తుంది. ఆ తరువాత తొమ్మిది నుంచి పన్నెండు రోజుల ఇంజెక్షన్లు, చివరగా అండం పక్వం కావడానికి ఒక ఇంజెక్షన్, దాని తరువాత 34 నుంచి 36 గంటలకు అండాల సేకరణ. ఈ లెక్క తెలిసినప్పుడు సిల్తారాలో షిఫ్టు చేసే భర్త సెలవు అడగగలడు, విజయనగరం నుంచి తోడుకు రావలసిన అత్తగారు రైలు టికెట్టు తీయించుకోగలదు.

మాత్రకు వైద్యపరమైన ఉపయోగాలు కొన్ని లేకపోలేదు. అండాశయంలో ఎదిగే చిన్న సంచులు, అంటే ఫాలికిల్స్, ఒకటి ముందు ఒకటి వెనుక కాకుండా దాదాపు సమంగా మొదలుకావాలన్నది ఒక ఉద్దేశం. మెదడులోని పిట్యూటరీ గ్రంథిని అణచే జి.ఎన్.ఆర్.హెచ్. ఎగోనిస్టు అనే మందు మొదటి రోజుల్లో అండాశయాన్ని ఒకసారి రెచ్చగొట్టి నీటి తిత్తులను కలిగించవచ్చు. ముందుగా మాత్ర ఇస్తే ఆ బెడద తగ్గుతుంది. నెలల తరబడి నెలసరి రాని, పీసీఓడీ అనే అండాశయ సమస్య ఉన్న స్త్రీలకు లెక్క మొదలుపెట్టడానికే ఒక మొదటి రోజు కావాలి, దానిని మాత్ర తెచ్చిపెడుతుంది. ఈ ఉపయోగాలన్నీ కలిసి, వాటికి రాక్ కాలపు విశ్రాంతి సిద్ధాంతం తోడై, మాత్ర వేసుకుంటే గర్భం నిలిచే అవకాశమే పెరుగుతుందన్న అభిప్రాయానికి దారితీశాయి.

లెక్కలు చెప్పిన తీర్పు

2000 ప్రాంతంలో ఎంటాగోనిస్టులనే కొత్త మందులు వచ్చాయి. ఇవి పిట్యూటరీ గ్రంథిని కొద్ది గంటల్లోనే అణచగలవు కాబట్టి చికిత్స రెండు వారాలకు కుదించుకుపోయింది. కానీ తేదీ ముందే నిర్ణయించుకునే వీలు తగ్గడంతో వైద్యులు మళ్లీ గర్భనిరోధక మాత్రనే ఆశ్రయించారు. మాత్ర ఇచ్చిన స్త్రీలనూ ఇవ్వని స్త్రీలనూ చీటీ తీసినట్టు విభజించి పోల్చిన ప్రయోగాలు ఈ దశలోనే ఎక్కువగా జరిగాయి, అంటే రాక్ చేయలేకపోయిన పోలిక యాభై ఏళ్ల తరువాత జరిగింది. 2010లో జర్మనీకి చెందిన గ్రీసింగర్ బృందం అటువంటి ప్రయోగాలను కలిపి లెక్కకట్టి, ఎంటాగోనిస్టు పద్ధతిలో ముందుగా మాత్ర వాడినవారిలో గర్భం కొనసాగే శాతం తక్కువగా ఉందని తేల్చింది. వైద్య ప్రయోగాలను నిష్పాక్షికంగా సమీక్షించే కాక్రేన్ సంస్థ 2017లో 29 ప్రయోగాలను, 4,701 మంది స్త్రీల ఫలితాలను పరిశీలించి అదే దిశలో అభిప్రాయపడింది. ఐరోపా సంతాన వైద్యుల సంఘం 2019 నాటి మార్గదర్శకాల్లో, ఎంటాగోనిస్టు పద్ధతిలో 12 నుంచి 28 రోజుల మాత్రను సిఫారసు చేయలేమని స్పష్టంచేసింది.

కారణాలుగా చెప్పేవి ప్రధానంగా రెండు. మాత్ర పిట్యూటరీ హార్మోన్లను లోతుగా అణచడం వల్ల అండాశయం తేరుకోవడానికి సమయం పట్టి, ఇంజెక్షన్లు ఎక్కువ రోజులు, ఎక్కువ మోతాదులో అవసరమవుతాయి. కొద్ది రూపాయల మాత్ర ఆ విధంగా ఖరీదైన ఇంజెక్షన్ల ఖర్చును పెంచుతుంది. మాత్రలోని ప్రొజెస్టెరోన్ ప్రభావం గర్భాశయపు పొర మీద మిగిలిపోయి పిండాన్ని అంటుకోనివ్వకపోవచ్చునన్నది రెండోది. పీసీఓడీతో పాటు అధిక బరువు ఉన్న స్త్రీలపై అమెరికాలో రిచర్డ్ లెగ్రో బృందం జరిపి 2015లో ప్రకటించిన అధ్యయనం, సంతాన చికిత్సకు ముందు నాలుగు నెలలు మాత్ర ఒక్కటే వాడినవారి కంటే ఆహార నియమాలతో, వ్యాయామంతో బరువు తగ్గినవారిలో అండం విడుదల మెరుగ్గా ఉందని చూపింది. విశ్రాంతి వల్ల అండాశయం ఉరకలు వేస్తుందన్న ఊహకు ఇది వ్యతిరేకమైన సాక్ష్యం.

పిండాలను శీతలీకరించి, తరువాతి నెలల్లో ప్రవేశపెట్టే పద్ధతి ఇటీవల విస్తరించడంతో ఈ చర్చ కొంత మారింది. అండాలు సేకరించిన నెలలోనే గర్భాశయం సిద్ధంగా ఉండవలసిన అవసరం తప్పిపోయింది కాబట్టి, పొర మీద మాత్ర ప్రభావం గురించిన భయం ఆ మేరకు తగ్గుతుంది; సుభాష్ ముఖోపాధ్యాయ్ 1978లో వేసిన బాట నేడు సాధారణ వైద్యమైంది. శరీరం లెక్కను మందులతో నడపడం ఎంతదూరం పోగలదో 2019 సెప్టెంబరులో గుంటూరులో కనిపించింది. నెలసరి ఎన్నడో ఆగిపోయి, 70 ఏళ్లు దాటిన తూర్పు గోదావరి జిల్లా స్త్రీ దాత అండంతో కవలలను కన్నది. 2021లో పార్లమెంటు చేసిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం చికిత్స పొందే స్త్రీకి 21 నుంచి 50, పురుషుడికి 21 నుంచి 55 ఏళ్ల వయోపరిమితి విధించి, చికిత్సాలయాల నమోదును తప్పనిసరి చేసింది.

ఈ చరిత్ర మొత్తాన్ని కలిపి చూస్తే, సంతాన చికిత్సకు ముందు వేసే గర్భనిరోధక మాత్ర ఒక వేళల మందు అనీ, సంతానావకాశాన్ని పెంచే మందు అన్న కీర్తి దానికి రుజువులేని ప్రయోగాల నుంచి సంక్రమించిందనీ చెప్పవలసి ఉంటుంది. తేదీ కుదరడం చిన్న ప్రయోజనమేమీ కాదు. దూరాభారంతో, సెలవు దొరకని కొలువులతో చికిత్సకు వచ్చే కుటుంబాలకు అది కొన్నిసార్లు చికిత్స సాగడానికీ ఆగిపోవడానికీ మధ్య తేడా అవుతుంది. అయితే ఆ సౌకర్యం ఎవరిదన్నది తెలిసి ఉండాలి. దంపతుల ప్రయాణం కోసమా, నీటి తిత్తులు రాకుండానా, రాని నెలసరిని తెప్పించడానికా, లేక ఆసుపత్రి ఒకే వారంలో పదిమందికి అండాలు తీయడానికి వీలుగానా అన్నది వైద్యుడు చీటీ రాసేటప్పుడే చెప్పగలిగిన విషయం. ఏ పద్ధతిలో ఇంజెక్షన్లు ఇవ్వబోతున్నారు, పిండాన్ని అదే నెలలో ప్రవేశపెడతారా అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే, ఆ మాత్ర వల్ల తమకు ఒరిగేదేమిటో, పోయేదేమిటో దంపతులు కూడా తూకం వేసుకోగలరు.